కొరియన్ నేర్చుకుందాం - 4: ‘నేనైతే’ వేరు, ‘నేనే’ వేరు

పోయినసారి ‘హక్సెంగియేయో’ దగ్గర ఆగాం. ‘(నేను) విద్యార్థిని’ అని అర్థం. ఎవరు విద్యార్థి? అది ఇప్పుడు ముందు పెడదాం: చొనున్ హక్సెంగియేయో. ‘చొ’ అంటే నేను, కాస్త తగ్గి మర్యాదగా చెప్పుకునే నేను. దాని వెనక ఉన్న ‘నున్’ ఈ పాఠం. ‘ఇక మాట దీని గురించే’ అని ముందే చెప్పేస్తుంది.

మాట అచ్చుతో ముగిస్తే నున్, హల్లుతో ముగిస్తే ఉన్. మనది అజంత భాష కదా, నాలుక నున్ వైపే పోతుంది, జాగ్రత్త. ఛేక్ అంటే పుస్తకం. దానికి ఉన్ చేరితే ‘ఛేగున్’ అని పలుకుతారు. గసడదవాదేశం చదివినవాళ్లకు క వచ్చి గ అవడం వింతేమీ కాదు. ఇక్కడి ఉకారానికి పెదవులు చుట్టకండి, నవ్వుతున్నట్టు పక్కలకు లాగండి.

అసలు చిక్కు ‘గా’తో వస్తుంది. (హల్లు తర్వాతైతే అది ‘ఇ’.) అదీ కర్త పక్కనే చేరుతుంది. మరి ఏది ఎప్పుడు? వ్యాకరణ పుస్తకాలు దీనికి పేజీలు పేజీలు ఖర్చు పెడతాయి గానీ, తెలుగువాళ్లకు ఒక దగ్గరి దారి ఉంది. ‘నూగా హెస్సొయో?’ అంటే ‘ఎవరు చేశారు?’ దానికి జవాబు ‘చెగా హెస్సొయో’: నేనే చేశాను. (చొ, గా కలిస్తే చెగా.) మనం ‘నేనే’ అని ఒత్తి చెప్పే చోట గా వస్తుంది. ‘నేనైతే’, ‘నేనేమో’ అనగలిగే చోట నున్. ప్రతిసారీ ఇది పనిచేయదు, కానీ మొదటి ఆరు నెలలు గట్టెక్కిస్తుంది.

కర్మకు చేరినా నున్ అదే పని చేస్తుంది. ‘కిమ్‌ఛీనున్ మొగొయో’ అంటే ‘కిమ్‌ఛీ అయితే తింటాను’. మిగతావి తినరని ఎదుటివాళ్లే అర్థం చేసుకుంటారు.

ఇక్కడే నేనొకసారి బోల్తా పడ్డాను. కొరియన్ స్నేహితురాలిని మెచ్చుకుందామని ‘ఒనురున్ యెప్పొయో’ అన్నాను. ఒనుల్ అంటే ఈ రోజు, యెప్పొయో అంటే అందంగా ఉన్నావు. ‘ఈ రోజైతే బాగున్నావు’ అన్నట్టయింది. ‘మరి నిన్న?’ అందామె. ఆ ఉన్ తీసేసి ‘ఒనుల్ యెప్పొయో’ అంటే సరిపోయేది.

సీరియల్స్‌లో ‘చొన్’ అని వినిపిస్తే కంగారు పడకండి, చొనున్‌నే అలా కుదిస్తారు.

వచ్చే పాఠానికి పని: ఛింగు (స్నేహితుడు), ముల్ (నీళ్లు), సొన్సెంగ్నిమ్ (టీచర్), ఛా (టీ). ఉన్ దేనికో, నున్ దేనికో రాసి, పైకి చదవండి. ఆ తర్వాత ‘కాఫీ అయితే తాగుతాను’ అనండి. కాఫీ ‘ఖొఫీ’, తాగుతాను ‘మషొయో’.