ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా, బెల్టు పట్టేసిందా? ఎక్కడ చూడాలి, ఏం చెయ్యాలి

ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా హైవే మీద తిరిగే కార్లలో చాలామంది మడపాం టోల్‌గేటు కనిపించగానే బెల్టు లాగి పెట్టుకుంటారు, గేటు దాటగానే తీసేస్తారు. అడిగితే "ఎయిర్‌బ్యాగులున్నాయి కదా, ఏటవుద్ది" అంటారు. ఇక్కడే అసలు పొరపాటు ఉంది. గుద్దుకున్నప్పుడు మనిషిని సీటుకి పట్టి ఆపేది బెల్టు. తల, ఛాతీ వెళ్లి స్టీరింగుకో డ్యాష్‌బోర్డుకో కొట్టుకోకుండా మిగతా పని చూసేది బ్యాగు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ గోడను గుద్దడం అంటే నాలుగంతస్తుల మేడ మీంచి కింద పడ్డంత దెబ్బ. ఆ దెబ్బకి బెల్టు లేని మనిషి బ్యాగు పూర్తిగా నిండకముందే దాని మీదకి వెళ్లిపోతాడు, అప్పుడు గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో విచ్చుకునే ఆ సంచే ముఖానికి, మెడకి గట్టి దెబ్బ అవుతుంది.

కాబట్టి ఈ రెండిట్లో ఏది సరిగా లేకపోయినా రెండోది కూడా సగం పనే చేస్తుంది. షెడ్డుకి వచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే ఇబ్బందులు, వాటి కారణాలు, ఏం చెయ్యాలో కింద రాస్తున్నాను.

కీ తిప్పితే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది, ఎంతసేపటికీ ఆరడం లేదు

మామూలుగా కీ ఆన్ చెయ్యగానే మీటర్ బోర్డులో ఆ ఎర్ర లైటు (కూర్చున్న మనిషి, ముందు గుండ్రటి బ్యాగు బొమ్మ) వెలిగి, కొన్ని సెకన్లకి ఆరిపోవాలి. ఆ కొన్ని సెకన్లలో బ్యాగుల్ని నడిపే కంప్యూటర్ తన వైర్లన్నీ ఒకసారి సరిచూసుకుంటుంది. ఆరలేదంటే ఎక్కడో తేడా కనిపించిందని అర్థం, చాలా బండ్లలో ఆ లైటు వెలిగి ఉన్నంతకాలం గుద్దుకున్నా బ్యాగు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. బండి బాగానే నడుస్తోంది కదా అని నెలల తరబడి అలా తిప్పేవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

ముందుగా అనుమానించాల్సింది సీటు కింద. టార్చి వేసి ముందు సీటు కిందకి వంగి చూడండి, పసుపు రంగు తొడుగు ఉన్న వైర్లు, వాటికో పసుపు ప్లగ్గు కనిపిస్తాయి. మోడల్‌ని బట్టి సైడ్ ఎయిర్‌బ్యాగుకో, బెల్టు బకిల్‌కో వెళ్లే వైర్లు అవి. సీటు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు, వాక్యూమ్ పెట్టి కడిగించినప్పుడు, సీటు కింద చెప్పులూ నీళ్ల సీసాలూ తోసినప్పుడు ఆ ప్లగ్గు కొంచెం వదులవుతుంది. వదులైందని కనిపించినా కీ ఆన్‌లో ఉండగా దాన్ని ముట్టుకోవద్దు. కీ తీసి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, మీ బండి మాన్యువల్‌లో ఎన్ని నిమిషాలు ఆగమన్నారో అంతసేపు ఆగి అప్పుడు చెయ్యాలి. ఎందుకంటే గుద్దుడులో బ్యాటరీ తెగిపోయినా బ్యాగు పేలడానికి కంప్యూటర్ లోపల కొంత కరెంటు దాచుకుని ఉంటుంది. ఈ పని చేతకాకపోతే మెకానిక్‌కే వదిలెయ్యండి, సిగ్గుపడాల్సిందేం లేదు.

లైటుతో పాటు హారన్ ఒకసారి మోగి ఒకసారి మోగకపోవడం, స్టీరింగు మీద వాల్యూమ్ బటన్లు పనిచెయ్యకపోవడం కూడా ఉంటే కారణం దాదాపు తెలిసిపోయినట్టే: స్టీరింగు లోపల చుట్టుకుని ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగింది. స్టీరింగు తిరుగుతున్నా బ్యాగుకి కరెంటు అందేలా చూసే రిబ్బను వైరు అది. మార్చడమే, రిపేరు ఉండదు. మార్చేటప్పుడు చక్రాలు తిన్నగా ఉంచి, కొత్తదాన్ని సరిగ్గా మధ్యలో పెట్టి బిగించాలి, లేకపోతే మొదటి యూ-టర్న్‌లోనే మళ్లీ తెగుతుంది.

మన ప్రాంతానికి సంబంధించిన కారణాలు ఇంకో రెండున్నాయి. ఒకటి ఎలుకలు. వరి కోతలయ్యాక కళ్లం పక్కనో, ధాన్యం బస్తాలున్న వసారాలోనో బండి పెడితే రాత్రికి రాత్రే వైర్లు కొరికేస్తాయి. కొరికిన ఎయిర్‌బ్యాగ్ వైరుని మామూలు లైటు వైరులా మెలిపెట్టి టేపు చుట్టకూడదు. ఆ సర్క్యూట్‌లో నిరోధం చాలా తక్కువ ఉండాలి, కొంచెం పెరిగినా కంప్యూటర్ తప్పు పట్టేస్తుంది, పట్టకపోతే ఇంకా ప్రమాదం. కంపెనీ చెప్పిన పద్ధతిలో చేయించాలి లేదా ఆ వైరింగ్ ముక్క మొత్తం మార్పించాలి.

రెండోది నీళ్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పలాస, సోంపేట వైపు ఏం జరిగిందో అందరికీ తెలుసు. అలాంటి వానల్లో కారు లోపలికి నీళ్లు వస్తే అందరూ ఇంజిన్ గురించే ఆరా తీస్తారు. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్ మాత్రం చాలా బండ్లలో గేరు లివర్ దగ్గర, నేలకి ఆనుకుని ఉంటుంది. కార్పెట్ పైకి ఆరినట్టు కనిపించినా కింద స్పాంజి తడిగానే ఉంటుంది, పిన్నులు తుప్పు పడతాయి, లైటు కొన్ని నెలల తర్వాత వెలుగుతుంది. కార్పెట్ ఎత్తించి ఆరబెట్టించండి, ఆ పెట్టెని తీయించి చూపించండి.

కారణం ఏదైనా స్కానర్ పెట్టి, కంప్యూటర్ రాసుకున్న తప్పు కోడ్ చదివించాలి. కోడ్ చెరిపేసి "అయిపోయింది సార్" అంటే ఒప్పుకోకండి. చెరిపితే లైటు ఆరుతుంది, తప్పు అలాగే ఉంటుంది.

లైటు అసలు వెలగడమే లేదు

ఇది పైదానికంటే చెడ్డ సంగతి. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు తప్పక చూడాలి. యాక్సిడెంటులో బ్యాగులు పేలిన బండికి కొత్తవి వేస్తే ఖర్చు చాలా అవుతుంది కాబట్టి కొందరు పై మూత మాత్రం అతికించి, లైటు వెలగకుండా చేసి అమ్మేస్తారు. కీ ఆన్ చేసి మిగతా లైట్లు వదిలేసి ఆ ఒక్కదాన్నే చూడండి. వెలిగిందా, తన టైముకి ఆరిందా, లేక పక్కనున్న ఆయిల్ లైటుతో పాటే ఆరుతోందా? కలిసే ఆరుతుంటే వైరు దానికి కలిపారేమో అనుమానించాలి. స్టీరింగు మధ్య మూత రంగు, గరుకుతనం చుట్టూ ఉన్నదానితో కలుస్తోందో లేదో వేలితో తడిమి చూడండి. తర్వాత బెల్టులు మొత్తం బయటికి లాగి అంచులు చూడండి: దారాలు లేచి ఉన్నా, గైడు (భుజం దగ్గర బెల్టు దూరి వచ్చే కన్నం) దగ్గర ప్లాస్టిక్ కరిగి అంటుకున్న గీత ఉన్నా ఆ బెల్టు ఒక పెద్ద గుద్దుడు చూసి ఉండొచ్చు.

బెల్టు బయటికి రావడం లేదు, లేదా లోపలికి పోవడం లేదు

రావడం లేదంటే సగం సార్లు అది రోగమే కాదు. సాలూరు దాటి ఘాట్‌లో ఏటవాలు మీద బండి ఆపినప్పుడు బెల్టు పట్టేస్తుంది, లోపల వంపుని కనిపెట్టే చిన్న లాకు ఉంటుంది, దాని పని అదే. కంగారుగా గుంజినా లాకవుతుంది. పూర్తిగా లోపలికి వదిలి, మెల్లగా లాగితే వస్తుంది. చదును నేల మీద కూడా రాకపోతే, పైగా ఆ బండికి ముందు యాక్సిడెంటు అయి ఉంటే, ప్రిటెన్షనర్ పేలి ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో బెల్టుని వెనక్కి లాగి ఒంటికి బిగించే పరికరం అది, ఒక్కసారికే పనికొస్తుంది. మార్చాలి.

లోపలికి పోకపోవడానికి ముఖ్య కారణం మురికి. చెమట, దుమ్ము, తలనూనె కలిసి భుజం దగ్గరి గైడులో జిడ్డు పేరుకుంటుంది. బెల్టు మొత్తం లాగి, వెనక్కి పోకుండా బట్టల క్లిప్పు పెట్టి, గోరువెచ్చని నీళ్లలో కొంచెం సబ్బు కలిపి తడిగుడ్డతో తుడవండి, గైడు లోపల కూడా. నీడలో పూర్తిగా ఆరాకే వదలండి. బ్లీచింగ్, రంగు, కొబ్బరినూనె, గ్రీజు ఏదీ వద్దు, నేత బలం పోతుంది. వదులుగా వేలాడే బెల్టు చాలా నష్టం చేస్తుంది, ఎందుకంటే ఒళ్లు ముందుకు కదిలి వేగం పుంజుకున్నాక అది పట్టుకుంటుంది, పక్కటెముకలు విరిగేది అప్పుడే.

బకిల్ పడటం లేదంటే లోపల రూపాయి బిళ్లో, వేరుశనగ పొట్టో, బిస్కెట్ ముక్కో ఉంటుంది. బోర్లించలేం కాబట్టి వాక్యూమ్‌తో లాగించండి. నూనె పోయొద్దు. అప్పటికీ టక్కుమని పడకపోతే బకిల్ మార్చండి.

బెల్టు అలారం మోత ఆగడం లేదు

పక్క సీటులో కూరగాయల సంచో, కొబ్బరికాయల మూటో పెడితే మనిషి కూర్చున్నాడనుకుని మోగుతుంది. సంచి తీసి వెనక సీటు ముందు నేల మీద పెట్టండి, చాలు. దీనికోసం బకిల్‌లో దూర్చే క్లిప్పులు కొంటున్నారు, పెళ్లిళ్లకి బహుమతిగా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వాటిని అమ్మకానికి పెట్టొద్దని ఈ-కామర్స్ కంపెనీలకి ఉత్తర్వులిచ్చింది. ఆ క్లిప్పు పెడితే బెల్టు పెట్టుకున్నట్టు కంప్యూటర్‌కి అబద్ధం చెప్పినట్టే. మీ ఇంట్లో ఉంటే ఇవాళే పారెయ్యండి.

బండి గుద్దింది, బ్యాగు తెరుచుకోలేదు

దీని మీద షోరూముల్లో గొడవలు చాలా జరుగుతుంటాయి. అన్నిసార్లూ లోపం కాదు. వెనక నుంచి గుద్దితే ముందు బ్యాగులు తెరుచుకోవు, తెరుచుకోవాల్సిన పని లేదు. మెల్లగా వెళ్తూ గేదెకో గట్టుకో తగిలితే బెల్టు చాలు, బ్యాగు అక్కర్లేదని కంప్యూటర్ నిర్ణయిస్తుంది. బంపర్ ఎంత నలిగిందన్నది దానికి లెక్క కాదు, వేగం ఎంత హఠాత్తుగా పడిపోయిందన్నదే లెక్క.

మన హైవే మీద అసలు భయపడాల్సింది ఆగి ఉన్న లారీ. రణస్థలం, పూసపాటిరేగ, ఎచ్చెర్ల దగ్గర రాత్రిపూట రోడ్డు పక్కన లైట్లు లేకుండా నిలబెట్టిన లారీలు, వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రక్కులు చూడనివాళ్లు లేరు. లారీ వెనక బాడీ ఎత్తులో ఉంటుంది కాబట్టి కారు బానెట్ దాని కిందకి దూరిపోతుంది, బంపర్‌కి గట్టి దెబ్బ తగలదు, దెబ్బంతా అద్దానికి, కారు పైకప్పుని మోసే స్తంభాలకి తగులుతుంది. అప్పుడు బ్యాగు ఆలస్యంగా తెరుచుకోవచ్చు, తెరుచుకోకపోవచ్చు, తెరుచుకున్నా అద్దంలోంచి వచ్చే ఇనుప చట్రాన్ని ఆపలేదు. దీనికి కారులో మందు లేదు. రాత్రి వేగం తగ్గించడం, ముందు దూరం ఉంచడం, ఇంతే.

మన చేతిలో ఉన్న కారణం ఒకటుంది, ముందు బిగించే ఇనుప గార్డు. అది దెబ్బని నేరుగా ఛాసిస్‌కి పంపి, సెన్సార్లు తప్పుగా చదివేలా చెయ్యగలదు, ఎదురొచ్చిన సైకిలువాడికి మరీ ప్రమాదం. 2017 డిసెంబరులోనే కేంద్రం వీటిని తీయించమని రాష్ట్రాలకి రాసింది. విప్పెయ్యండి.

బ్యాగు తెరుచుకుంది, అయినా దెబ్బలు బాగా తగిలాయి

ఎలా కూర్చున్నారో ఆలోచించండి. స్టీరింగు మధ్యకీ మీ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి, అంటే జానెడు మీద నాలుగు వేళ్లు. పొట్టిగా ఉన్నవాళ్లు ముందుకి జరిగిపోకుండా సీటు ఎత్తు పెంచుకోవాలి. డ్యాష్‌బోర్డు మీద ఎడమ పక్క బ్యాగు మూత ఉంటుంది, అక్కడే వినాయకుణ్ణో, అరసవల్లి నుంచి తెచ్చిన సూర్యనారాయణమూర్తినో అతికించేస్తారు. బ్యాగు విచ్చుకుంటే ఆ విగ్రహం ముఖం మీదకి ఎగిరొస్తుంది. దేవుణ్ణి మూత లేని చోట, తేలికైన పటంగా పెట్టుకోండి. సీట్ల పక్క నుంచి తెరుచుకునే బ్యాగులున్న బండికి మందపాటి రెగ్జిన్ కవర్లు వేయిస్తే బ్యాగు చిక్కుకుపోతుంది, దానికి వేరే కుట్టు ఉన్న కవర్లు దొరుకుతాయి.

అన్నిటికంటే నేను బతిమాలుకునేది పిల్లల గురించి. ముందు సీటులో అమ్మ ఒళ్లో పాపని కూర్చోబెట్టుకుని సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లే కార్లు ఎన్నో. 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగితే 10 కిలోల బిడ్డని పట్టుకోవడానికి దాదాపు 200 కిలోల బరువు మోసే చేతులు కావాలి. ఏ తల్లికీ అది సాధ్యం కాదు. పైగా బ్యాగుకీ తల్లికీ మధ్య బిడ్డ ఉంటుంది. పిల్లల్ని వెనక, వాళ్ల సైజు సీటులో కూర్చోబెట్టి కట్టండి. వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటుని పనిచేసే బ్యాగు ముందు ఎప్పుడూ పెట్టకూడదు. గర్భిణులు బెల్టు మానకూడదు: నడుము పట్టీ పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ రెండు రొమ్ముల మధ్య నుంచి పోవాలి. భుజం పట్టీ మెడకి రాసుకుంటుందని చంక కిందకి తోసేవాళ్లు గైడు ఎత్తు తగ్గించుకుంటే సరిపోతుంది, చంక కింద పెడితే పక్కటెముకలు విరిగి లోపల గుచ్చుకుంటాయి.

వెనక సీటులో బెల్టే కనిపించడం లేదంటే అది సీటు కవరు కింద కప్పేసి ఉంటుంది. కవరు విప్పి, బకిళ్లు పైకి తీసి, కోసి కుట్టించండి. వెనక కూర్చున్నవాళ్లు బెల్టు లేకపోతే ముందువాళ్ల వీపు మీదకే వచ్చి పడతారు. మోటారు వాహనాల చట్టం 194బి కింద బెల్టు లేకపోతే 1000 రూపాయలు జరిమానా, వెనక కూర్చున్నవాళ్లకీ బెల్టు తప్పనిసరే.

బ్యాగులు తెరుచుకున్నాక

లోపల పొగలా కనిపించేది ఎక్కువగా పొడి, బండి అంటుకుందని హడలిపోవద్దు. ఇంజిన్ ఆపి, తలుపు తీసి దిగి, రోడ్డుకి దూరంగా నిలబడి 108కి ఫోన్ చెయ్యండి. కళ్లు మండితే నీళ్లతో కడగండి. బాగానే ఉన్నాననిపించినా ఛాతీ, పొట్ట మీద బెల్టు కమిలిన గుర్తు ఉంటే ఆస్పత్రిలో చూపించుకోవాలి, లోపల దెబ్బ బయటికి తెలియదు.

రిపేరు బిల్లులో పేలిన బ్యాగు ఒక్కటే ఉంటే సంతకం పెట్టకండి. బెల్టు ప్రిటెన్షనర్లు, ముందు సెన్సార్లు, ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్, అవసరమైతే క్లాక్ స్ప్రింగ్, వీటిలో ఏవి మార్చారో, ఏవి మార్చలేదో, ఎందుకు మార్చలేదో రాతలో అడగండి. పాత సామాను చూపించమనండి. డెలివరీ రోజు కీ ఆన్ చేసి లైటు వెలిగి ఆరడం మీ కళ్లతో చూసి, నాలుగు బెల్టులూ ఒక్కొక్కటీ జర్రున గుంజి లాకవుతున్నాయో లేదో చూసుకుని, అప్పుడు బండి తీసుకోండి.