లేటెక్స్ పడనివాళ్లకు కండోమ్: ఏది కొనాలి, ఎలా వాడాలి

కండోమ్ వాడిన ప్రతిసారీ దురద, మంట, ఎర్రటి దద్దుర్లు వస్తుంటే లేటెక్స్ పడటం లేదేమో చూడాలి. ఇది మగవాళ్లకీ వస్తుంది, ఆడవాళ్లకీ వస్తుంది. ఆడవాళ్లయితే చాలాసార్లు ఇన్‌ఫెక్షన్ అనుకుని నెలల తరబడి క్రీములు రాసుకుంటూ ఉండిపోతారు. లేటెక్స్ అంటే రబ్బరు చెట్టు పాలు. అందులోని ప్రోటీన్లు కొందరి ఒంటికి సరిపడవు. బెలూన్ ఊదితే పెదాలు ఉబ్బడం, పళ్ల డాక్టరు గ్లౌజు తగిలిన చోట దురద, అరటిపండో బొప్పాయో కివీయో తింటే నోరు జిలపెట్టడం లాంటివి కూడా ఉంటే అనుమానం బలపడుతుంది. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా 108కి ఫోన్ చేయాల్సిందే. అలాంటివాళ్లు ఇంట్లో మళ్లీ వాడి పరీక్షించుకోకూడదు.

అయితే తప్పంతా లేటెక్స్‌దే కాకపోవచ్చు. కొన్ని కండోమ్‌ల మీద వీర్యకణాలను చంపే నోనాక్సినాల్-9 పూస్తారు, అది చర్మాన్ని మండిస్తుంది. స్ట్రాబెర్రీ, చాక్లెట్ వాసనల కోసం కలిపేవి కూడా కొందరికి పడవు. కాబట్టి తీవ్రమైన లక్షణాలు లేకపోతే ముందు వాసనా పూతా లేని సాదా కండోమ్‌కి మారి చూడండి. దానితోనూ మంట వస్తే అప్పుడు లేటెక్స్ మానేయండి. చర్మవ్యాధుల డాక్టరు పరీక్షలు చేసి ఖాయంగా చెప్పగలరు.

ఇక కొనడం. బస్తీ దవాఖానాల్లో ఉచితంగా దొరికే నిరోధ్ లేటెక్స్‌దే, కాబట్టి ఈ సరుకు డబ్బు పెట్టి కొనుక్కోవాల్సిందే. అమీర్‌పేటలోనో కోఠీలోనో మెడికల్ షాపుకెళ్లి గొంతు తగ్గించి ‘నాన్ లేటెక్స్’ అంటే, కౌంటర్ దగ్గర కుర్రాడు ‘అల్ట్రా థిన్’ డబ్బా తీసి ఇవ్వడం మామూలే. పల్చగా ఉన్నంత మాత్రాన లేటెక్స్ కాదని కాదు. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘నేచురల్ రబ్బర్ లేటెక్స్’ అని ఉంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. ‘పాలీఐసోప్రీన్’, ‘పాలీయురిథేన్’, ‘నైట్రైల్’, ఈ మూడింటిలో ఏదో ఒకటి కనిపించాలి. మొహమాటం ఉంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, కానీ డబ్బా వెనక ఫొటో చూడకుండా ఆర్డర్ పెట్టొద్దు.

నాన్ లేటెక్స్ అనే మాట అందులో ఏం లేదో చెబుతుందే కానీ ఏం ఉందో చెప్పదు. అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

పాలీఐసోప్రీన్ అంటే ఫ్యాక్టరీలో తయారు చేసిన రబ్బరు. చెట్టుపాల ప్రోటీన్లు ఉండవు, సాగడం మాత్రం దాదాపు లేటెక్స్‌లాగే ఉంటుంది. నూనె తగిలితే పాడవడం కూడా లేటెక్స్‌లాగే! లేటెక్స్‌కి మినరల్ ఆయిల్ ఒక్క నిమిషం తగిలితే చాలు, బలం చాలా వరకు పోతుంది. పైకి ఏమీ తెలియదు, చిరుగు కనిపించదు. మన ఇళ్లలో చేతికందేది కొబ్బరినూనే. దానితోపాటు వాజలీన్, బేబీ ఆయిల్, బాడీ లోషన్, నెయ్యి అన్నీ నిషిద్ధమే. తలకు నూనె పెట్టుకున్న చేత్తో కవరు తెరవొద్దు, ముందు సబ్బుతో కడుక్కోండి. ఆడవాళ్లు యోనిలో వాడే క్లోట్రిమజోల్, మైకోనజోల్ లాంటి ఫంగస్ క్రీములు, కొన్ని క్లిండమైసిన్ మందులు కూడా నూనె కలిసినవే. ఆ కోర్సు నడుస్తున్నన్ని రోజులూ, ఆ తర్వాత డాక్టరు చెప్పినంత కాలమూ పాలీఐసోప్రీన్ మీద భరోసా పెట్టుకోకూడదు. లూబ్రికెంట్ కావాలంటే నీళ్లతో చేసిందో, సిలికాన్‌తో చేసిందో వాడండి.

పాలీయురిథేన్ ఒక రకం ప్లాస్టిక్. నూనెకు చెదరదు, వేడిని బాగా పోనిస్తుంది, వాసన ఉండదు. దాని లోపం సాగకపోవడం. అందుకే లేటెక్స్ కంటే చిరగడం, జారడం ఎక్కువ. కొలత సరిగ్గా చూసుకోకపోతే బిగుతుగా ఉండి చిరుగుతుంది, వదులుగా ఉంటే జారిపోతుంది. డబ్బా మీద మిల్లీమీటర్లలో వేసే వెడల్పు, కండోమ్‌ని బల్లపరుపుగా పరిచినప్పటి అడ్డకొలత. అంటే చుట్టుకొలతలో సగం. 52 మిల్లీమీటర్లది బిగుతైతే 56కి వెళ్లండి. ఇంకో మాట: మర్నాడో ఆ మర్నాడో మొదలయ్యే దద్దుర్లకు కారణం చాలావరకు ప్రోటీన్ కాదు, రబ్బరు తయారీలో వాడే రసాయనాలు. అవి పాలీఐసోప్రీన్‌లోనూ ఉండొచ్చు. అది కూడా పడకపోతే పాలీయురిథేన్‌కి మారాలి.

గొర్రె పేగుతో చేసేవి మాత్రం గర్భాన్నే ఆపుతాయి, హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి వైరస్‌లను ఆపలేవు. రోగాల భయం ఉన్నవాళ్లు దాని జోలికి పోకపోవడమే మంచిది.

వాడే పద్ధతి లేటెక్స్‌దే, కాస్త జాగ్రత్త ఎక్కువ. ఎక్స్‌పైరీ చూడండి. కవరును వేళ్ల మధ్య నొక్కితే లోపల గాలి దిండులా తగలాలి. గాలి లేకపోతే ఎక్కడో చిల్లు పడినట్టే. కండోమ్‌ని లోపలే ఒక పక్కకు నెట్టి, రెండో వైపు అంచు దగ్గర చింపండి. పళ్లు, కత్తెర వద్దు. చుట్ట బయటివైపుకు ఉందో లేదో చూసుకోండి. తిరగేసి పెట్టి, మళ్లీ తిప్పి వేసుకుంటే ముందే వచ్చిన ద్రవం బయటివైపు అంటుకుంటుంది కాబట్టి దాన్ని పారేసి కొత్తది తీయాలి. కొసలో లోపల ఒక్క చుక్క లూబ్రికెంట్ చాలు. ఎక్కువైతే జారుతుంది. బయట మాత్రం ధారాళంగా రాయండి, ముఖ్యంగా పాలీయురిథేన్‌కి. కొసను రెండు వేళ్లతో నొక్కిపెట్టి గాలి పోయేలా చూసి, మొదలు దాకా దొర్లించండి. సగం దాకా వచ్చి ఆగిపోతే లాగకండి, అది తిరగబడిందో, కొలత చిన్నదో అయి ఉంటుంది.

వీర్యం పడ్డాక అంగం మెత్తబడకముందే, అంగం మొదలు దగ్గర కండోమ్ అంచును పట్టుకుని బయటికి తీయాలి. జారిపోవడాలు ఎక్కువగా ఇక్కడే. ముడివేసి, కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయండి. ఫ్లష్ చేస్తే అపార్ట్‌మెంట్ పైపు ఎక్కడో అడ్డుకుంటుంది. ఒకదాని మీద ఇంకోటి వేస్తే భద్రత పెరగదు, రాపిడికి రెండూ చిరుగుతాయి.

ఆడవాళ్ల కండోమ్‌లలో నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరుతో చేసినవి ఉన్నాయి, వీటికి నూనె సమస్య లేదు. కానీ మన దేశంలో తయారయ్యేవాటిలో లేటెక్స్‌వీ ఉన్నాయి, డబ్బా చదవాల్సిందే. లోపలి రింగును నొక్కి సన్నగా చేసి, టాంపన్‌లా లోపలికి తోసి, గర్భాశయ ముఖం దాకా పంపాలి. మెలిపడకూడదు, బయటి రింగు బయటే ఉండాలి. అంగం రింగు లోంచి కాకుండా పక్కనుంచి దూరుతుంటే ఆపి సరిచేసుకోవాలి. తీసేటప్పుడు లేచి నిలబడకముందే బయటి రింగును మెలితిప్పి లాగండి.

దాచే చోటు కూడా ముఖ్యమే. మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బయట నిలిపిన బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు దానికంటే చాలా వేడెక్కుతాయి. పర్సులో పెడితే ఒరిపిడికి కవరు నలుగుతుంది. ఇంట్లో నీడగా ఉండే అలమర అరలో పెట్టండి.

చిరిగిందో జారిందో అయితే గర్భం రాకుండా 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ మాత్ర 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు. కాపర్-టీ అయితే 5 రోజుల్లోపు వేయించుకోవచ్చు. హెచ్‌ఐవీ భయం ఉంటే ఆలస్యం చేయకుండా గాంధీ లేదా ఉస్మానియా ఆసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికి వెళ్లండి. దగ్గర్లోని కేంద్రం కావాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి అడగండి. నివారణ మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. డాక్టరు గదిలోకి వెళ్లగానే లేటెక్స్ పడదని చెప్పండి. లేకపోతే పరీక్ష మొదలయ్యేది రబ్బరు గ్లౌజుతోనే.