బడికి ముందు ఆరుబయట ఆటలు: బయలుదేరే ముందు జాగ్రత్తలు

జూన్‌లో ఎల్‌కేజీలో చేరబోయే పిల్లలకు అక్షరాల కన్నా ముందు వంతు కోసం ఆగడం, చెప్పింది వినడం, చెప్పులు తామే తొడుక్కోవడం రావాలి. ఇవి మట్టిలో నలుగురితో ఆడితే వస్తాయి. తిరుపతిలో ఆ ఆటకు తీసుకువెళ్లే ముందు ఇవి చూసుకోండి.

• ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదరకముందే ఆట ముగించండి. శేషాచలం అడవి అంచున ఉండేవారు చీకటి పడేదాకా అసలు ఉండవద్దు. అక్కడ చిరుతలు తిరుగుతాయి.

• ముందుగా మీరు ఆ చోటంతా నడిచి చూడండి. గాజు పెంకులు, మూతలేని తొట్టెలు, తేళ్లు దాగే రాళ్ల కుప్పలు ఉండకూడదు. ఇనుప జారుడుబల్లపై అరచేయి ఆనించండి. మీ చేయి ఓర్చుకోలేకపోతే పిల్లల్ని ఎక్కించవద్దు.

• లెక్కలకు చింతగింజలు చాలు. గురివింద గింజలు ఎంత ముద్దొచ్చినా దగ్గరికి రానివ్వకండి, నమిలితే ప్రాణానికే ముప్పు. ఆముదం గింజలు, గన్నేరు కూడా అంతే. చింతగింజలనైనా పిల్లలు ముక్కులో దూర్చుకుంటారు, మింగబోతారు. అందుకే లెక్కపెట్టి ఇచ్చి, లెక్కపెట్టి తీసుకోండి. ఆ లెక్క పిల్లల చేతే చెప్పించండి. నా దృష్టిలో అసలు పాఠం అదే. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో వెంట ఉంటే గింజలు వద్దు.

• నీళ్లు, టోపీ, నూలు బట్టలు, చేతులకు సబ్బు.

• పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు. కదలనివ్వకుండా ఉంచి, వెంటనే 108కి ఫోను చేయండి.