జైల్లో ఉన్న మాజీ సైనికులకు మెంటార్‌గా వెళ్లే ముందు

నవంబర్ 11, వెటరన్స్ డే (అమెరికాలో మాజీ సైనికుల దినం) దగ్గరకొస్తోంది. అమెరికాలో ఈ పనికి మొదటిసారి వెళ్లేవాళ్లు చూసుకోవాల్సినవి:

• జైలుకొచ్చిన సంగతి వీఏకి (మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ) తెలిపారా అని ముందు అడగండి. ఫెలొనీ (తీవ్రమైన నేరం) శిక్షయితే జైల్లో 61వ రోజు నుంచి వైకల్య పరిహారం తగ్గుతుంది. వైకల్యం ఎంతో చెప్పే వీఏ రేటింగ్ 20 శాతం, ఆపైన ఉంటే 10 శాతం రేటే ఇస్తారు. చెప్పకపోతే అదనంగా పడ్డ డబ్బంతా అప్పై నెత్తిన కూర్చుంటుంది. కోతపడ్డ భాగం కోసం భార్యాపిల్లలు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అడగందే రాదు.

• చీటీలు, డబ్బు చేరవేస్తానని ఒప్పుకోకండి. జైల్లోకి వెళ్లే మీ అనుమతి పోతుంది, ఆ ఖైదీకీ చిక్కే.

• ఖైదీల దుస్తుల రంగు కనుక్కోండి. మీ చొక్కా అదే రంగైతే గేటు దగ్గరే వెనక్కి పంపొచ్చు.

• "యుద్ధంలో ఏం చూశారు?" అనొద్దు. ఏ యూనిట్‌లో, ఏ పని చేశారో అడగండి చాలు. మిగతాది చెప్తే వినండి.