హౌస్ ఆన్ ఫైర్ చూడాలంటే ఉదయం పది దాటాక వెళ్లండి

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మ్యూల్ కేన్యన్ అనే లోయలో ఉన్న, ప్యూబ్లో అనే అమెరికా ఆదివాసీ ప్రజల పూర్వీకులు కట్టిన ఈ రాతి గదుల కోసం తెల్లవారుజామునే పరుగెత్తకండి. సుమారు 10, 11 గంటల మధ్య (ఋతువును బట్టి కాస్త అటూ ఇటూ) ఎండ ముందున్న బండపరుపు మీద పడి, పైనున్న రాతికి ప్రతిఫలిస్తుంది. అప్పుడే ఆ ఇసుకరాతి చారలు మంటల్లా ఎగసిపడతాయి. ఎండ నేరుగా తగిలిందా, ఆ రంగు వెలవెలబోతుంది.

ఇవి ధాన్యం దాచుకున్న గదులు. ఏడు శతాబ్దాలకు పైగా నిలిచిన గోడలు, దయచేసి ఆనుకోవద్దు. రాళ్ల మధ్య మట్టి రాలిపోతుంది. కుండపెంకు కనిపిస్తే చూసి అక్కడే వదిలేయండి. తీసుకెళ్లడం నేరం, అంతకన్నా ముఖ్యంగా హోపీ, జూనీ వంటి ప్యూబ్లో ప్రజలకు అది పూర్వీకుల ఇల్లు. తాగునీరు మాత్రం మీరే మోసుకెళ్లాలి.