లినక్స్ నెట్‌వర్క్ పాఠాలు – 5: మాడిఫై కొట్టినా ఐపీ ఎందుకు మారలేదు?

పోయిన పాఠంలో ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐతో (nmcli, లినక్స్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు మార్చే కమాండ్) పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) వైఫై ప్రొఫైల్‌కి ఫిక్స్‌డ్ ఐపీ (మారని నెట్‌వర్క్ అడ్రస్) పెట్టమన్నాను. తర్వాత వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ ఒకటే: "మాడిఫై కొట్టాను, ఎర్రర్ రాలేదు, ఐపీ మాత్రం పాతదే." అందుకే వీపీఎన్ పాఠం వచ్చే వారానికి జరిపాను. ఇది తేలకుండా అది చెప్పినా ఎక్కదు.

ప్రొఫైల్ అంటే డిస్క్ మీద రాసి ఉన్న సెట్టింగులు. ఫెడోరా, డెబియన్‌లలో ఒక్కో ప్రొఫైల్ ఒక్కో ఫైలు. ఉబుంటు 23.10 నుంచి వాటిని నెట్‌ప్లాన్ ఫోల్డర్‌లో దాస్తోంది, వెతికి కంగారు పడకండి. 'కనెక్షన్ మాడిఫై' మార్చేది ఈ రాతను మాత్రమే. ఇప్పుడు నడుస్తున్న కనెక్షన్ పాత విలువలతోనే నడుస్తూ ఉంటుంది. అదే ప్రొఫైల్‌కి మళ్లీ 'కనెక్షన్ అప్' కొడితే కొత్తవి అమల్లోకి వస్తాయి.

ఎలా తెలుస్తుంది? ఎన్‌ఎమ్‌సీఎల్‌ఐలో 'కనెక్షన్ షో' తర్వాత ప్రొఫైల్ పేరు ఇవ్వండి. చిన్నబడి ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చే వరుసలు ప్రొఫైల్‌లో రాసినవి. కింద పెద్దబడి అక్షరాల్లో వచ్చేవి ఇప్పుడు నిజంగా నడుస్తున్నవి. పైన కొత్త అడ్రస్, కింద పాత అడ్రస్ ఉంటే మీరు అప్ కొట్టలేదన్నమాట.

ఇక్కడ చాలామంది ముందు డౌన్ (కనెక్షన్ ఆపే కమాండ్) కొట్టి, ఆ తర్వాత అప్ కొడుతున్నారు. దయచేసి ఆ అలవాటు మానండి. డౌన్ కొట్టగానే వైఫై కార్డు ఖాళీగా కూర్చోదు, ఆటోకనెక్ట్ (దానంతటదే కలవడం) ఉన్న ఇంకో ప్రొఫైల్‌ని వెతుక్కుంటుంది. బెంగళూరు మారతహళ్లి పీజీలో పక్కనే ఫోన్ హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంటే దానికి అతుక్కుంటుంది, మీ డేటా మీకు తెలియకుండానే కరిగిపోతుంది. పైగా డౌన్ చేసిన ప్రొఫైల్ రీబూట్ చేసేదాకా, లేదా మీరే అప్ కొట్టేదాకా, మార్చేదాకా దానంతటది కలవదు. ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులో కూర్చుని పీజీలోని లాప్‌టాప్‌కి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి నెట్ ద్వారా కమాండ్లు కొట్టే పద్ధతి) డౌన్ కొడితే ఇక అప్ కొట్టే దారే ఉండదు. అప్ ఒక్కటి చాలు.

ప్రొఫైల్‌లో మెథడ్ (ఐపీ ఎలా రావాలో చెప్పే సెట్టింగు) ఆటోలోనే ఉంచి అడ్రస్ రాస్తే డీహెచ్‌సీపీ (రౌటర్ తనంతట తానే అడ్రస్ ఇచ్చే పద్ధతి) ఇచ్చేదీ, మీరు రాసిందీ రెండూ వస్తాయి. ఫిక్స్‌డ్ నుంచి వెనక్కి వచ్చేటప్పుడు మెథడ్ ఆటో చేయడంతో ఆగకుండా అడ్రస్, గేట్‌వే (బయటి నెట్‌కి దారి చూపే రౌటర్ అడ్రస్) రెండూ అదే కమాండ్‌లో ఖాళీ చేయండి.

హాట్‌స్పాట్ ప్రొఫైల్‌కి నేను ఆటోకనెక్ట్ ప్రయారిటీ మైనస్ 10 ఇస్తాను, మీటర్డ్ (డేటాకి పరిమితి ఉందన్న గుర్తు) 'యెస్' పెడతాను. మామూలుగా ఉండేది 0, పెద్ద అంకె ఉన్నదే ముందు. కానీ ఈ లెక్క కొత్తగా కనెక్ట్ అయ్యేటప్పుడే చూస్తుంది. మెట్రోలో హాట్‌స్పాట్‌కి కలిసి, పీజీకి వచ్చాక కూడా దాన్ని ఆపకపోతే లాప్‌టాప్ తనంతట తాను వైఫైకి మారదు.

అభ్యాసం: మౌస్ ముట్టుకోకుండా పీజీ ప్రొఫైల్‌ని క్లోన్ (ఇంకో నకలు) చేయండి. ఒకటి ఆటో, ఒకటి ఫిక్స్‌డ్. రీబూట్ తర్వాత ఆటోదే రావాలి. డౌన్ వాడకుండా ఫిక్స్‌డ్‌కి మారండి, అడ్రస్ మార్చండి, అమలు చేయండి, మళ్లీ ఆటోకి తెచ్చేయండి. ప్రతి అడుగులో చిన్నబడి, పెద్దబడి అడ్రస్ వరుసలు రెండూ కాపీ చేసి పంపండి. 'షో'లో పాస్‌వర్డ్ మామూలుగా కనిపించదు, ఆ టెన్షన్ వద్దు.