పెళ్ళి ఫోటోగ్రాఫర్‌కి తగిన కెమెరా: కొనేముందు ఏం చూడాలి

"అక్కా, ఏ కెమెరా కొనమంటావు?" అని ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడుగుతూనే ఉంటారు. నేను చిత్తూరులో పుట్టి, తిరుపతిలో స్టూడియో నడుపుతున్న పెళ్ళి ఫోటోగ్రాఫర్‌ని. ఏదో ఒక బ్రాండు పేరు చెప్తానని వాళ్ళు చూస్తారు. నేను తిరిగి అడిగేది ఒకటే. నువ్వు తీయబోయేది తప్పిపోతే మళ్ళీ తీయొచ్చా?

తలకోన జలపాతం ఈ వారం కుదరకపోతే వచ్చే వారం పోయి తీసుకోవచ్చు. జీలకర్ర బెల్లం అట్లా కాదు. తెర తీయగానే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఆ చూపు మళ్ళీ రాదు. ఇంకోసారి చూసుకోండి అని అడిగే హక్కు మనకు లేదు. పగటి వెలుగులో మంచి ఫోటో ఇవాళ ఫోను కూడా తీస్తుంది. మళ్ళీ తీయలేనిదాన్ని చేయిజారనివ్వని కెమెరానే నేను ప్రొఫెషనల్ కెమెరా అంటాను. కాబట్టి షాపులో ఏ బాడీ (లెన్సు లేని ఒట్టి కెమెరా) చేతికిచ్చినా, ఇది నన్ను ఎక్కడ ముంచుతుంది అని ముందు వెతకండి.

మొదట కార్డు పెట్టే తలుపు తెరవండి. లోపల రెండు స్లాట్లు ఉండాలి. మెమరీ కార్డు ఎంత మంచి కంపెనీదైనా ఏదో ఒక రోజు పాడవుతుంది, ఆ రోజు పెళ్ళిరోజు కాకూడదు. 2018లో వచ్చిన నికాన్ జెడ్6, జెడ్7, కెనాన్ ఈఓఎస్ ఆర్ కెమెరాలకు ఒక్కటే స్లాటు. ఫోటోలు చక్కగా వచ్చేవి, అయినా చాలామంది పెళ్ళి ఫోటోగ్రాఫర్లు వాటిని నమ్మలేదు. అదే ఏడాది వచ్చిన సోనీ ఏ7 త్రీకి రెండున్నాయి. 2020లో నికాన్ జెడ్6 టూ, కెనాన్ ఆర్6 రెండు స్లాట్లతో వచ్చాక పరిస్థితి మారింది. ఇప్పుడు కూడా చూసుకునే కొనాలి. 2023లో వచ్చిన కెనాన్ ఆర్8 బొమ్మ నాణ్యతలో ఆర్6 మార్క్ టూకి ఏమీ తీసిపోదు, ధర చాలా తక్కువ. కానీ దానికి స్లాటు ఒక్కటే, బ్యాటరీ చిన్నది. ఊళ్ళు తిరిగి తీసుకునేవాళ్ళకు అది బంగారం లాంటి కెమెరా. ముహూర్తం తీసేవాళ్ళకు నేను వద్దంటాను.

రెండు స్లాట్లు ఉంటే చాలదు, మెనూలోకి పోయి ప్రతి ఫోటో రెండు కార్డుల్లోనూ పడేట్టు పెట్టుకోవాలి. ఒకటి నిండాక రెండోదానికి పోయే పద్ధతి కూడా అక్కడే ఉంటుంది. అది పెట్టుకుంటే స్లాట్లు రెండున్నా లాభం లేదు. ఇంకో విషయం, కొన్ని బాడీల్లో ఒక స్లాటు సీఎఫ్ఎక్స్‌ప్రెస్ అనే వేగమైన కార్డుకు, ఇంకోటి మామూలు ఎస్‌డీ కార్డుకు. రెండింటిలోనూ రాస్తున్నప్పుడు వేగమంతా నెమ్మదైన కార్డు చేతిలో ఉంటుంది. అందుకని ఖరీదైన కార్డు పక్కన చవక ఎస్‌డీ పెట్టి, కెమెరా నత్తనడక నడుస్తోందని అనుకోకండి. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా దిద్దకుండా, సెన్సరు పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) సుమారు 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. పెళ్ళిలో 3000 ఫ్రేములు తీస్తే 75 నుంచి 90 జీబీ. రెండు స్లాట్లలోనూ 128 జీబీ కార్డులుంటే మధ్యలో మార్చే టెన్షన్ ఉండదు.

ఇదే లెక్కన రెండో బాడీ కూడా తప్పనిసరి. కొత్తది కాకపోయినా పర్వాలేదు, లెన్సూ బ్యాటరీ రెండింటికీ ఒకటే పట్టాలి. రెండింటి గడియారాలూ బయల్దేరేముందు నిమిషం సెకనుతో సహా కలిపి పెట్టుకోండి. లేకపోతే ఆల్బమ్ కూర్చేటప్పుడు తలంబ్రాలు ముందు, తాళి తర్వాత వస్తాయి.

ఇక ఫోకస్. మన వైపు ముహూర్తాలు చాలావరకు తెల్లవారకముందే. మండపంలో పైనుంచి ఫోకస్ లైట్లు, పక్కన హోమం పొగ, పెళ్ళికూతురు తల వంచుకుని ఉంటుంది, నుదుటి మీద బాసికం. ఆ పొగలో కాంట్రాస్ట్ పడిపోయి చవక కెమెరాలు లెన్సును ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉండిపోతాయి. మాంగల్యధారణ దగ్గర అసలు పరీక్ష. వరుడు వంగి మూడు ముళ్ళు వేస్తుంటే నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడతాయి. కన్ను మీదున్న ఫోకస్ గాల్లో ఎగిరే బియ్యపు గింజ మీదికి దూకితే ఫోటో పోయినట్టే.

దీనికి మెనూలో ఒక సెట్టింగు ఉంటుంది. కెనాన్‌లో ట్రాకింగ్ సెన్సిటివిటీ, నికాన్‌లో ఫోకస్ ట్రాకింగ్ విత్ లాక్-ఆన్, సోనీలో ఏఎఫ్ ట్రాకింగ్ సెన్సిటివిటీ. పేరేదైనా పని ఒకటే: అడ్డంగా ఏదైనా వస్తే వెంటనే దాని మీదికి పోకుండా, ఉన్న మనిషినే పట్టుకుని ఉండమని కెమెరాకు చెప్పడం. ముహూర్తానికి ముందు దాన్ని లాక్ వైపుకు జరుపుకోండి. కొనబోయే కెమెరా దొరికితే ఇంట్లోనే పరీక్ష పెట్టొచ్చు. సాయంత్రం ఒక చిన్న బల్బు వెలుగులో ఎవరినైనా కూర్చోబెట్టి, ఇంకొకరితో గుప్పిళ్ళతో బియ్యం చల్లించి వరుసగా తీయండి. తర్వాత కంప్యూటర్లో పెద్దది చేసి కళ్ళు చూడండి. షాపువాడు చెప్పే మాటలకన్నా ఆ ఫ్రేములు నిజం చెప్తాయి.

ప్రకటనల్లో మైనస్ 6 ఈవీ చీకట్లో కూడా ఫోకస్ పడుతుందని రాస్తారు. ఈవీ అంటే వెలుగు కొలత, మైనస్ పెరిగేకొద్దీ చీకటి. కింద చిన్న అక్షరాలు చదవండి. ఆర్6 మార్క్ టూకి చెప్పే మైనస్ 6.5 అనేది ఎఫ్1.2 లెన్సుతో కొలిచింది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగును లోపలికి రానిస్తుంది. మన చేతిలో ఉండే ఎఫ్2.8 జూమ్‌తో లోపలికి వచ్చే వెలుగు దానిలో ఐదో వంతు కూడా ఉండదు.

వెలుగు దగ్గర ఇంకో ప్రమాదం ఉంది, కొత్తవాళ్ళు దీన్ని పట్టించుకోరు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీలు సెకనుకు 100 సార్లు వెలుగు పెంచి తగ్గిస్తుంటాయి. కంటికి కనిపించదు. షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు పెట్టి తీస్తే ఒక ఫ్రేము తెల్లగా, పక్క ఫ్రేము పచ్చగా, ఇంకోటి సగం నల్లగా వస్తాయి. షట్టర్ 1/100కో 1/50కో తగ్గిస్తే సరిపోతుంది. వేగం తప్పనిసరైతే యాంటీ-ఫ్లికర్ (వెలుగు నిండుగా ఉన్న క్షణం చూసి షట్టర్ కొట్టే సౌకర్యం) ఉన్న బాడీ కావాలి. రిసెప్షన్ స్టేజీ వెనక పెట్టే ఎల్ఈడీ వాల్ ఇంకా మొండిది. దాని ఫ్రీక్వెన్సీ వేరు కాబట్టి మామూలు యాంటీ-ఫ్లికర్ పనిచేయదు. కొన్ని కొత్త బాడీల్లో షట్టర్ వేగాన్ని సన్న మెట్లలో మార్చుకునే వీలుంటుంది, గీతలు పోయేదాకా తిప్పుకోవచ్చు. మీ పని ఎక్కువగా రిసెప్షన్లదైతే ఈ ఒక్క సౌకర్యం కోసం కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు.

చప్పుడు చేయని సైలెంట్ షట్టర్ (ఎలక్ట్రానిక్ షట్టర్) అంటే ఇప్పుడు అందరికీ మోజు. మామూలు సెన్సరు బొమ్మను పైనుంచి కిందికి వరుసవరుసగా చదువుతుంది. అందుకే ఎలక్ట్రానిక్ షట్టర్లో ఈ లైట్ల గీతలు ఎక్కువ పడతాయి, చాలా కెమెరాల్లో ఫ్లాష్ కూడా వెలగదు. బొమ్మ మొత్తాన్ని ఒకేసారి చదివే, సోనీ ఏ9 త్రీ లాంటి గ్లోబల్ షట్టర్ కెమెరాకు ఈ బాధ లేదు, కానీ దాని ధర మన పెళ్ళి ప్యాకేజీలకు అందేది కాదు. మెకానికల్ షట్టర్ ఉన్న బాడీ తీసుకుని, మంత్రాలు నెమ్మదిగా చదివే చోట మాత్రం సైలెంట్ వాడుకోండి.

పెద్ద సెన్సరున్న ఫుల్‌ఫ్రేమా, చిన్న సెన్సరున్న క్రాపా? ఫుల్‌ఫ్రేమ్ సెన్సరు 36 బై 24 మిల్లీమీటర్లు. నికాన్, సోనీ క్రాప్ సెన్సరుకన్నా వైశాల్యం రెండింతలకు పైనే. ఫ్లాష్ వేయలేని చోట ఐఎస్ఓ (పట్టిన వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400లో తీయాల్సి వచ్చినప్పుడు ఆ తేడా ముఖం మీద కనిపిస్తుంది. డబ్బు సరిపోకపోతే క్రాప్ బాడీకి ఎఫ్1.8 లెన్సు పెట్టుకుని మొదలుపెట్టండి. ఫుల్‌ఫ్రేమ్ బాడీకి దానితో పాటు వచ్చే మామూలు కిట్ లెన్సు పెట్టడం కన్నా అది ఎంతో మేలు.

రంగులూ, వెలుగునీడలూ ఎంతవరకు పట్టుకుంటుందో చూడాలంటే తిరుపతి వాళ్ళకు ఇంటి ముందే బడి ఉంది. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు కెమెరా తీసుకుని పోండి. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లని పూత, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి గంధం. ఎర్రటి ఎండలో రోజుకొకటిగా ఇవన్నీ అవే వీధుల్లో కనిపిస్తాయి. తెలుపులో గీతలు పోకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి రా లో తీయండి, ఇంటికొచ్చాక బొగ్గు పూసుకున్న ముఖంలో నీడను పైకి లాగండి. చర్మం కనిపిస్తే మంచి సెన్సరు. ఆకుపచ్చ మచ్చలూ గీతలూ తేలితే కాదు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 14 బిట్ రా లో 16,384. ఆ తేడా అక్కడ అర్థమవుతుంది. కుంకుమ తీసేటప్పుడు ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటీ ఎంత వెలుగులో పడ్డాయో చూపే గ్రాఫు) చూడండి. మొత్తం వెలుగు సరిగ్గానే కనిపిస్తుంది గానీ ఎరుపు ఒక్కటే గ్రాఫు కుడి అంచుకు తగిలి, కుంకుమంతా ఒకే ముద్దగా వస్తుంది. మూడు రంగులనూ విడివిడిగా చూపించే కెమెరా పెళ్ళికీ కావాలి, ఎర్ర పట్టుచీరలకు ఇదే సమస్య. నలుగు పెట్టే రోజున, రంగులను తనంతట తానే సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ పసుపును చూసి తికమకపడి ముఖాలను నీలంగా మారుస్తుంది. వెలుగు రంగును చెప్పే కెల్విన్ సంఖ్య ఒక్క బటన్‌తో మార్చుకునే వీలుందో లేదో చూసుకోండి.

చేతి సంగతి ఎవరూ రాయరు, నాకు మాత్రం అది పెద్ద విషయం. పెళ్ళికూతురి గదిలోకి నన్ను పిలుస్తారు, అక్కడ మొదలైన పని అప్పగింతల దాకా సాగుతుంది. పాత కెనాన్ ఈఎఫ్ 70-200 ఎఫ్2.8 జూమ్ లెన్సు రెండో వెర్షన్ దాదాపు కిలోన్నర. ఇప్పటి ఆర్ఎఫ్ వెర్షన్, సోనీ వాళ్ళ ఇదే రకం లెన్సు జీఎం టూ కిలో పైచిలుకే. బరువు తగ్గితే మధ్యాహ్నానికి మణికట్టు వణకదు. అలాగని బాడీ మరీ చిన్నదైతే చిటికెన వేలికి పట్టు దొరకదు. షాపులో మీరు వాడబోయే పెద్ద లెన్సు పెట్టించుకుని, ఒక చేత్తో పది నిమిషాలు పట్టుకుని నిలబడండి. ఫోకస్ పాయింటు, ఐఎస్ఓ, షట్టర్ కన్ను తీయకుండా మార్చగలగాలి.

లెన్సు తగిలించే చోట రబ్బరు రింగు ఉందేమో చూడండి. తలంబ్రాల పసుపు సన్నటి పొడి, ఎక్కడికైనా దూరుతుంది. నవంబరు వానల్లో గొడుగు కింద తీయాల్సి వస్తుంది. రింగు ఉన్నా నీళ్ళలో తడపొచ్చని కాదు, తుడుచుకునే టైము దొరుకుతుంది, అంతే. ఆ వానల నెలల్లో లెన్సుకు ఫంగస్ పట్టకుండా గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచండి.

మెగాపిక్సెళ్ళ గురించి ఒక్క లెక్క చాలు. మన ఆల్బమ్ షీటు 12 బై 36 అంగుళాలు, ఒక పేజీ 12 బై 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున 3600 బై 5400 పిక్సెళ్ళు కావాలి. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా 4000 బై 6000 ఇస్తుంది. దాని పైన కట్టే డబ్బు లెన్సుకు పెట్టండి. వీడియో కూడా మీరే తీస్తే, మే ఎండలో బయట పెట్టి అరగంట ఆపకుండా రికార్డు చేసి చూడండి. ఇక్కడి వేడికి కొన్ని బాడీలు మధ్యలో ఆగిపోతాయి.

పాత లెన్సులు ఉన్నవాళ్ళు మౌంటు (బాడీకి లెన్సు తగిలించే అమరిక) సంగతి చూసుకోవాలి. కెనాన్ పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టరుతో కొత్త ఆర్ఎఫ్ బాడీల మీద హాయిగా పనిచేస్తాయి. నికాన్‌లో బాడీ మోటారుతో తిరిగే పాత ఏఎఫ్-డీ లెన్సులకు ఎఫ్‌టీజెడ్ అడాప్టరు మీద ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. తిరుమల మఠాల్లో జరిగే పెళ్ళిళ్ళకు పోతే గది చిన్నది, జనం ఎక్కువ, 24 మిల్లీమీటర్ల లెన్సో అంతకన్నా వెడల్పైనదో లేకపోతే వెనక్కి జరిగే చోటే ఉండదు. గుడి లోపలికి కెమెరా ఎటూ పోనివ్వరు కాబట్టి ఉన్న ఆ ఒక్క గదిలోనే కుటుంబానికి కావాల్సిన ఫోటోలన్నీ తీయాలి.

సెకండ్ హ్యాండ్ కొనడం తప్పేమీ కాదు. షట్టర్ కౌంట్ (షట్టర్ ఇప్పటిదాకా ఎన్నిసార్లు కొట్టిందో ఆ లెక్క) అడగండి. కెనాన్ 5డీ మార్క్ ఫోర్‌కి కంపెనీ చెప్పే ఆయుష్షు 1,50,000, అంటే 3000 ఫ్రేముల పెళ్ళిళ్ళు 50. బిల్లు మీద సీరియల్ నంబరు, బాడీ కింద నంబరు కలవాలి. ఎఫ్16 పెట్టి ఆకాశాన్ని తీస్తే సెన్సరు మీది మచ్చలు తేలుతాయి. దుమ్ము మచ్చలైతే క్లీనింగ్‌తో పోతాయి. సన్నటి రంగు గీతలో, చెదరని చుక్కలో కనిపిస్తే మాత్రం వదిలేయండి. డీజే లేజర్ లైటు నేరుగా తగిలిన సెన్సరు అట్లాగే ఉంటుంది, దాన్ని మార్చడానికయ్యే ఖర్చు మామూలుది కాదు.

కొనేముందు అదే మోడల్‌ని ఒక పెళ్ళికి అద్దెకు తెచ్చుకోండి. తెచ్చినదాన్ని రెండో బాడీగా భోజనాల దగ్గరా బంధువుల ఫోటోలకూ వాడండి. ముహూర్తం మాత్రం చేతికి అలవాటైన పాతదానితోనే తీయండి.